ఢిల్లీల పద్నాలుగు గంటలు

కాజీపేట,
వినాయకుని నిమజ్జనం తెల్లారి

బిడ్డా సౌమ్యా,

నిన్న మీ నాయిన ఫోన్ జేసి టికెట్ అయ్యిందని చెప్పిండు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి జర్మనీ. నడుమ పద్నాలుగు గంటలు ఖాళీ. "అన్ని గంటలు ఎయిర్‌పోర్టుల కూసోని ఏం జెయ్యాలె, ఊరు చూసొస్త" అన్నవట. మా ఇంటి ఆడపిల్ల ఢిల్లీని కాజీపేట జంక్షన్ లెక్క, బండి మారే జాగ లెక్క మాట్లాడుతున్నదని విని నా ఛాతి జానెడు పెరిగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలే. మీ పెద్దమ్మ రెండుసార్లు లేచి "గ్యాస్ పట్టిందా" అని అడిగింది. గ్యాస్ గాదు, ఢిల్లీ పట్టింది.

నువ్వు మీ నాయినకు పంపిన లిస్టు నాకు గూడ వాట్సాప్ చేసిండు. ఎర్రకోట, చాందినీ చౌక్, కుతుబ్ మినార్, లోటస్ టెంపుల్, అక్షరధామ్, ఇండియా గేట్. ఆరు. లిస్టు రాసినోళ్లకు ఏం పోయింది, నడిచేది నీ కాళ్లు గద. నువ్వు దిగేది సోమవారం. సోమవారం ఎర్రకోట బంద్, లోటస్ టెంపుల్ బంద్, అక్షరధామ్ బంద్. అక్షరధామ్ తెరిచి ఉన్నా నీకు పనికి రాదు, ఫోనూ సంచీ బయటనే అప్పజెప్పి పోవాలె. పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్ ఎవలికో ఇచ్చి లోపల దేవునికి ఏమని దండం పెడ్తవు?

చిన్న ముచ్చట్లు ఒక్క దమ్ముల చెప్త. హైదరాబాద్ కౌంటర్ల పెద్ద పెట్టెకు ట్యాగ్ ఎక్కడి దాక వేసిన్రో అడిగి తెలుసుకో. కొత్త చెప్పులు వేసుకోకు. నీళ్ల సీస దగ్గర ఉండాలె. పెద్దమ్మ పెట్టే మామిడికాయ తొక్కు పెద్ద పెట్టెల పెట్టు, చేతి సంచిల పెడితే నూనె ఉన్నదని తీసి పారేస్తరు. సకినాలు చేతి సంచిల పెట్టుకో, వాటిని ఎవరూ ఏమనరు. పాస్‌పోర్టు మాత్రం సంచిల గాదు, ఒంటి మీద. మెట్రోల సంచిని మిషన్ల వేస్తరు, నువ్వు ఇటు వచ్చేసరికి అది అటు పోతది. సంచి తీసుకున్నంకనే అడుగు ముందుకెయ్యి. ఇమిగ్రేషన్ ముద్ర పడ్డంక మళ్ల బయటికి రానియ్యరు, ఊరు చూసుడు అంతా దానికి ముందే.

ఇగ టైం. పొద్దున 11కు దిగుతవు, రాత్రి 1.15కు ఎక్కుతవు. ఆ 1.15 సోమవారం రాత్రి గాదు బిడ్డా, మంగళవారం. రైల్వేల మేము 00 గంటలు కొట్టంగనే తారీఖు మారుస్తం. టికెట్ మీద మంగళవారం తారీఖే ఉన్నదా, ఒక్కసారి నీ కండ్లతోని చూడు. మీ నాయిన చూసిండులే అనకు. మీ నాయిన సంగతి నాకు తెలుసు.

ఎట్ల తెలుసో ఇప్పుడు చెప్త. ఇది మీ నాయిన నీకు చెప్పి ఉండడు. నేను గూడ ముప్పై ఏండ్ల పైన ఎవ్వరికీ చెప్పలే.

1988 ఫిబ్రవరి. మీ తాత పోయిండు. నేనప్పుడు గూడ్సు గార్డును, మీ నాయినకు పదిహేడేండ్లు. అస్తికలు హరిద్వార్‌ల కలపాలని మీ నాయినమ్మ కోరిక. రాగి చెంబుల పోసి, మూతికి తెల్లబట్ట కట్టి, రెగ్జిన్ సంచిల పెట్టి ఇచ్చింది. పదకొండో దినానికి రావాలె అని ఒక్కటే మాట అన్నది. నాకు పాసు ఉన్నది, లెక్క ఉన్నది. కాజీపేటల ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి న్యూఢిల్లీ. ఇప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నరే, అదే బండి. హరిద్వార్ బండి రాత్రికి. నడుమ పన్నెండు గంటలు. నీ లెక్కనే.

స్టేషన్ల సంచికి తాళం లేకపోతే క్లోక్ రూమ్‌ల తీసుకోరు. బయట దుకాణంల చిన్న తాళం కొన్న. బాబు "క్యా హై ఇస్ మే" అని అడిగిండు. "కప్డే" అన్న. రసీదు రాసిండు, సంచిని అటుక మీదికి తోసిండు. మీ తాతను బట్టల మూట అని రాయించి వచ్చిన. అప్పుడే తిరిగి పోవాలె. పోలే. మీ నాయిన మొఖం చూసి పోలే. తండ్రి పోయినంక వారం దినాలుగా ఆ పోరడు మాట్లాడలే, ఢిల్లీల దిగంగనే మొదటిసారి నోరు తెరిచి "అన్నా, ఎర్రకోట చూపిస్తవా" అన్నడు.

చూపించిన. ఎర్రకోట చూసినం, బస్సుల పోయి హుమాయూన్ గోరీ చూసినం, అక్కడ చెట్టు కింద ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్న రొట్టెలు తిన్నం. నాలుగు గంటలకే తిరిగి పోదామన్న. "ఇండియా గేటు కాడ దీపాలు పెడ్తరట, ఒక్కటి చూసి పోదాం" అన్నడు. చీకటి పడే దాక కూసున్నం. గేటు కింద 1972 నుంచి మండే అమర్ జవాన్ జ్యోతి అప్పుడు అక్కడనే ఉండె, 2022ల పక్కన యుద్ధ స్మారకంల కలిపిన్రు. గోడల మీద సిపాయిల పేర్లు చెక్కి ఉంటయి, పదమూడు వేలకు పైన. మీ నాయిన తల ఎత్తి ఒక్కొక్కటి కూడబలుక్కొని చదువుడు మొదలుపెట్టిండు. ఎందుకు చదువుతున్నడో నాకు సమజైంది. లేపబుద్ధి గాలే.

న్యూఢిల్లీ స్టేషన్‌కు వచ్చేసరికి ఇంక నలభై నిమిషాలున్నయి. చాలు అనుకున్న. సంచి విడిపించుకొని బోర్డు చూస్తే మా బండి పేరు లేదు. కూలీని అడిగిన. వాడు టికెట్ చూసి నవ్విండు: "యే తో పురానీ దిల్లీ సే జాతీ హై, సాబ్." టికెట్ మీద 'ఢిల్లీ' అని ఉన్నది. ఢిల్లీ అంటే పాత ఢిల్లీ. న్యూఢిల్లీ వేరు, పాత ఢిల్లీ వేరు, హజ్రత్ నిజాముద్దీన్ వేరు. నేను రైల్వే మనిషిని బిడ్డా. రోజూ వర్కింగ్ టైం టేబుల్ చంకల పెట్టుకొని తిరిగేటోన్ని. వరంగల్, కాజీపేట ఒక్కటే అనుకొని దిగిన ప్రయాణికులను ఎంతమందిని కోపం జేసిన్నో!

మూడు నాలుగు కిలోమీటర్లే, కని ఆ ట్రాఫిక్‌ల ఆటో నడువదు, ఈదుతది. పాత ఢిల్లీ ప్లాట్‌ఫారం మీదికి ఉరికేసరికి బండి కదిలింది. ఆఖరి డబ్బ మా ముంగటి నుంచే పోయింది. వెనుక ఇదే ఆఖరి డబ్బ అని చెప్పే ఎల్‌.వి. బోర్డు, ఎర్ర దీపం. గార్డు తలుపుల నిలబడి పచ్చ దీపం ఊపుతున్నడు. రోజూ నేను చేసే పనే. బయటి నుంచి అదెట్ల కనిపిస్తదో ఆ రాత్రే చూసిన.

రాత్రంతా ప్లాట్‌ఫారం మీద, సంచి మా ఇద్దరి నడుమ. మీ నాయిన దాని మీద చెయ్యేసి పన్నడు. చలికి ఆ రెగ్జిన్ మంచు లెక్క ఉన్నది, చెయ్యి మాత్రం తియ్యలే. తెల్లారి కశ్మీరీ గేట్ల బస్సెక్కి హరిద్వార్ పోయినం, గంగల కలిపినం. కని దినం తప్పింది, వచ్చే బండ్ల బెర్తులు పోయినయి. జనరల్ డబ్బల నిలబడి, పదకొండో దినం మధ్యాహ్నం కాజీపేటల దిగినం. వాకిట్ల టెంటు కింద చుట్టాలంత విస్తర్లు వెయ్యకుంట కూసున్నరు. అయ్యగారు రెండుసార్లు లేచి కూసున్నడట. మీ నాయినమ్మ మా మొఖాలు చూసింది. ఎందుకు ఆలస్యమైందని అడుగలే. "తిన్నరా" అన్నది.

బండి లేటయిందని చెప్పిన. నా సర్వీసుల నేను రైల్వే మీద వేసిన నింద అదొక్కటే.

అందుకే బిడ్డా, నేను నీకు దొంగల గురించి చెప్తలే, ఆటోవాళ్ల గురించి చెప్తలే. టెర్మినల్ గురించి చెప్తున్న. ఢిల్లీ ఎయిర్‌పోర్టు అంటే ఒక్కటి గాదు. హైదరాబాద్ విమానం టెర్మినల్ 1ల దించొచ్చు, 3ల దించొచ్చు. జర్మనీ విమానం 3 నుంచి. రెండింటి నడుమ రోడ్డు మీద కిలోమీటర్ల దూరం. మెట్రోలు గూడ వేరు: 1 కాడ మెజెంటా లైను, 3 కాడ ఆరెంజ్ లైను. ఎక్కడ దిగినవు, ఎక్కడ ఎక్కాలె, రెండూ కాయితం మీద రాసి జేబుల పెట్టుకో. ఫోన్ల గాదు, కాయితం మీద. నవ్వుతున్నవు గద. నవ్వు, కని రాయి.

ఇప్పుడు ఏం చూడాలెనో చెప్త. ఒక్కటే చూడు. టెర్మినల్ 3 నుంచి ఆరెంజ్ లైను ఎక్కి ధౌలా కువాఁల దిగు. అక్కడ కిలోమీటరు పైన పొడుగు స్కైవాక్, నడిచే పట్టీలు ఉంటయి. అది దాటితే పింక్ లైను స్టేషన్, పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. మన తెలుగామె, రాజమండ్రిల పుట్టింది. ఆమె పేరు చదివి బండెక్కితే మారే పని లేకుంట సరాయ్ కాలే ఖాఁ నిజాముద్దీన్. బయట ఆటో మాట్లాడుకుంటే హుమాయూన్ గోరీ. సోమవారమైనా తెరిచే ఉంటది.

హుమాయూన్ 1556ల సచ్చిపోయిండు, తాజ్‌మహల్ కంటె ముందటి కట్టడం ఇది. ఎర్రరాయి, తెల్ల గుమ్మటం, చుట్టూ నాలుగు మడుల తోట. కని లోపలికి పోంగనే కుడిదిక్కు ఇసాఖాన్ గోరీ ఉంటది, అందరూ దాన్ని దాటి పోతరు. నువ్వు దాటకు. దానికి ఎనిమిది మూలలు. లెక్కపెట్టు. ఢిల్లీల ఎనిమిది మూలల గోరీలు మొదలైంది ఎవరితోనో తెలుసునా? మన ఓరుగల్లు మనిషితోని.

1323ల ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు కోటను గెలిచిండు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అన్నది ఆయననే. ప్రతాపరుద్రుని చెరబట్టి ఢిల్లీకి తోల్కపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. ఆ కాలంలనే ఢిల్లీ చేరిన మన తెలంగాణ మనిషి ఒకడు మతం మారి, మక్బూల్ అయిండు. అక్షరం ముక్క రాదట, కని ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయి రాజ్యం నడిపిండు. ఖాన్ జహాన్ తిలంగాని అంటరు. తిలంగాని, అంటే మనోడు. ఆయన గోరీ అదే నిజాముద్దీన్ బస్తీల, సందులల్ల, ఇండ్ల నడుమ ఇరికి ఉన్నది. 1988ల మేము దానికి కూతవేటు దూరంల కూసొని రొట్టెలు తిన్నం, మాకు తెల్వదు. రిటైరైనంక హన్మకొండల ఒక లెక్చరర్ సారు చెప్తే తెలిసింది. ఓరుగల్లు నుంచి పోయినోడు ఢిల్లీ మట్టిలనే కలిసిండు, ఆయన గోరీ మా పక్కనే ఉండంగ మా నాయినను సంచిల కట్టుకొని తిరిగినం. ఆ సంగతి ఎప్పుడు యాదికొచ్చినా గొంతుల ఏదో అడ్డం పడ్తది.

నీకు అది చూసి రా అని రాయబోయి కలం ఆపిన. సందులు ఇరుకు, నీ సంచిల పాస్‌పోర్టు... సరే, పాస్‌పోర్టు ఒంటి మీద ఉంటది గద, చెప్పిన గద. పగటి పూట, మధ్యాహ్నం రెండు కొట్టక ముందు అయితే పో. అడుక్కుంట పో, బస్తీల ఆడోళ్లను అడుగు. గోరీని ఆనుకొని జనం ఇండ్లు ఉంటయి, గుమ్మటం పాతబడి ఉంటది, ఫోటోకు అందం ఉండదు. మూడు దాటిందంటే పోకు. ఇసాఖాన్ గోరీ కాడనే నిలబడి, దీనికి పెద్దన్న అటు దిక్కు ఉన్నడు అనుకొని దండం పెట్టి రా.

అయిదుకు తిరుగు. అయిదు అంటే అయిదు. "ఒక్కటి చూసి పోదాం" అని ఎవరన్నా, ఆఖరికి నీ మనసన్నా గూడ వినకు. ఇండియా గేటు దీపాలు మళ్ల వచ్చినప్పుడు చూద్దువు, అప్పుడు మీ నాయినను గూడ తోల్కపో, ఆ పేర్లు సగంల ఆపి వచ్చిండు. ఏడు గంటలకు టెర్మినల్ లోపల ఉండాలె. నీ విమానానికి ఇంక ఆరు గంటలు ఉంటయి, ఉండనీ. కూసో, సకినాలు తిను.

పెత్రమాసకు ఇంటి కాడ మీ తాత పేరు మీద బియ్యం ఇస్తం, ఆ పొద్దుమూకి ఎంగిలిపూల బతుకమ్మ. నువ్వు ఉండవు. మీ పెద్దమ్మ నిన్ననే తంగేడు ఎక్కడ దొరుకుతదో లెక్క వేసుకుంట "పిల్ల లేదు గద, చిన్నగనే పేరుస్త" అన్నది. చిన్నగ పేరుస్తదని నేను నమ్మను.

లోపలికి పోయినంక గేటు నంబరు తెలుస్తది గద, అప్పుడు నాకు ఫోన్ జెయ్యి. టెర్మినల్ ఏదో గూడ చెప్పు. ముసలోడు పన్నడేమో అని మొహమాటపడకు. రాత్రి ఒంటి గంట గార్డుకు ఏం లెక్క!

మీ పెద్దనాయిన