వర్షిప్ పాస్టరా, క్వయర్ డైరెక్టరా?

ప్రశ్న: మా బాప్టిస్టు సంఘంలో ఆరాధన పాటలు నడిపించే వ్యక్తిని ‘వర్షిప్ పాస్టర్’ అనవచ్చా?

జవాబు: బాప్టిస్టుల్లో పైనుంచి శాసించే బిషప్పు ఉండరు. హోదా తేల్చేది స్థానిక సంఘమే. పాటలు ఎంచడం, క్వయర్‌కు (పాటల బృందానికి) సాధన చేయించడం, ఆదివారం నడిపించడం వరకే అయితే క్వయర్ డైరెక్టర్ అంటే సరిపోతుంది. బోధన, పరామర్శ కూడా ఆయన మీదే ఉంటే పాస్టర్ అనండి. ఈ మాట తేలికైనది కాదు: అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు అనే శాఖవారు 2000 నాటి విశ్వాస ప్రకటనలో పాస్టర్ పదవిని పురుషులకే పరిమితం చేశారు. స్త్రీ పాటలు నడిపించే చోట అక్కడ బిరుదే వివాదమవుతుంది.

ముందు పని రాసి పెట్టుకోండి: పాటల తుది ఎంపిక ఎవరిది, సౌండ్ చూసేవాళ్లు ఎవరి మాట వినాలి, జీతమా స్వచ్ఛందమా. ఇవి తేలకుండా బిరుదిస్తే, ప్రసంగాంశం మారి శనివారం రాత్రి పాట మార్చమన్నప్పుడు పాస్టరుకూ ఆయనకూ పేచీ తప్పదు.