రెండో బియర్డెడ్ డ్రాగన్ తెచ్చుకునే ముందు

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

ఇంకో బియర్డెడ్ డ్రాగన్‌ని, అదే నువ్వు పెంచుకునే ఆ తొండలాంటి జీవిని, తెచ్చి పాతదాని అద్దాల ట్యాంకులోనే పెట్టొచ్చా అని నువ్వు ఫోన్‌లో అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెబితే నీకు తృప్తిగా ఉండదని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండో బియర్డెడ్ డ్రాగన్ తెచ్చుకో, నాకేం అభ్యంతరం లేదు. ఒంగోల్లో మీ పోర్షన్‌కి ముందు గది ఖాళీగానే ఉంది కదా. కానీ ఇప్పుడున్నదాని ట్యాంకులోనే దాన్నీ వదులుతానంటే మాత్రం వద్దంటాను. పిల్లలైనా, పెద్దవైనా, ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చినవైనా సరే, ఒక్కోదానికి ఒక్కో ట్యాంకు ఉండాల్సిందే.

"పాపం ఒంటరిగా ఉంటోంది మామయ్యా" అన్నావు. నీ మనసు మంచిది. కుక్కపిల్ల గురించి అడిగుంటే నేనూ సరేననేవాణ్ణి. ఇది ఆస్ట్రేలియా నడిభాగంలో ఎండిపోయిన నేలల మీద దేని చోటు అది చూసుకుని బతికే జీవి. మన తొండకి దగ్గరి చుట్టం, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. మీ తాతగారి ఊళ్లో కంచె మీద మగ తొండని చూసే ఉంటావు. ఎత్తయిన గుంజ ఎక్కి తల పైకీ కిందికీ ఊపుతుంది, గొంతు ఎర్రబడుతుంది, ఇంకో మగది అటువైపు వస్తే తరిమికొడుతుంది. నీ డ్రాగన్ చేసేదీ అదే, కాకపోతే దీని గడ్డం నల్లబడుతుంది. కంచె మీద ఓడిపోయిన తొండ పారిపోవడానికి చేనంతా ఉంది. నాలుగడుగుల అద్దాల పెట్టెలో ఓడిపోయింది ఎక్కడికి పోతుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. కావలిలో ఒక స్నేహితుడి ఇంట్లో రెండు పిల్లల్ని కలిపి పెట్టారు. బల్బు కింద రాయి మీద ఒకటి, దాని వీపు మీద ఇంకొకటి. ఇంట్లో అందరూ "ఎంత ప్రేమగా ఉన్నాయో" అని ఫోటోలు తీస్తున్నారు. నేను దగ్గర కూర్చుని చూశాను. పైదాని ఒళ్లు పళ్లెంలా వెడల్పయి వెచ్చదనమంతా తాగుతోంది. కిందది కళ్లు మూసుకుని, పొట్ట మీద నల్లటి మచ్చలు తేలి, కదలకుండా పడుంది. వేడీ, యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనపడని కిరణాలు) వెలుతురూ అన్నీ పైదానికే అందుతున్నాయి. కిందదానికి ఒంట్లో విటమిన్ డి తయారుకాదు, కాల్షియం ఎముకలకు పట్టదు, తిన్నది సరిగా అరగదు. పోట్లాట ఒక్కటీ జరగకుండానే కొన్ని నెలల్లో ఒకటి బలిసి, ఇంకోటి దాంట్లో సగమై, దవడ మెత్తబడి, కాళ్లు వంకర పోతాయి. అప్పుడు "ఇది పుట్టుకతోనే బలహీనం" అనుకుంటారు పాపం.

ఇంకో సంగతి గమనించు. ముందుకాలు ఎత్తి గాల్లో మెల్లగా గుండ్రంగా తిప్పుతుంటే హాయ్ చెబుతోందని మురిసిపోతారు. సాటిదాని ముందు అలా చేస్తే, నీ జోలికి రాను, నన్ను వదిలెయ్ అని బతిమాలడం. మేత వేసినప్పుడైతే చూపు పురుగు మీదే ఉంటుంది. పక్కదాని కాలివేలు కదిలినా పురుగే అనుకుని పట్టేస్తుంది. బల్లికి తెగిన తోక మళ్లీ వస్తుంది. వీటికి వేలూ రాదు, తోకా రాదు.

రెండు మగవాటి గురించి చెప్పక్కర్లేదు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రెండు ఆడవైనా ఒకటి పెత్తనం చేస్తుంది. ఆడా మగా కలిపి పెట్టడం అన్నిటికంటే అన్యాయం అంటాను నేను. మగది రోజూ వెంటపడి మెడ కొరుకుతూనే ఉంటుంది. ఒక్కసారి జతకట్టినా ఆడది ఆ వీర్యాన్ని లోపల దాచుకుని విడతలు విడతలుగా గుడ్లు పెట్టగలదు, ఒక్కో విడతకి ఇరవై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. ఆ పెంకులకు కావాల్సిన కాల్షియమంతా దాని ఒంట్లోంచే పోవాలి. గుడ్డు లోపల ఇరుక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది. చిన్నపిల్లల్లో ఏది ఆడో ఏది మగో అమ్మేవాడికీ కచ్చితంగా తెలియదు కాబట్టి, "రెండూ ఆడవే సార్" అన్న మాట నమ్మి కలపొద్దు.

వేరే ట్యాంకులు పెట్టినా ఒకదానికొకటి కనపడకూడదు. ఎదురుగా ఇంకొకటి కనిపిస్తే చాలు, గడ్డం నల్లగా పెట్టుకుని అద్దాన్ని గీకుతూ రోజంతా టెన్షన్‌లో ఉంటుంది. పక్కపక్కన పెట్టాల్సి వస్తే మధ్యలో ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టు. బయటికి తీసేటప్పుడు ఒక్కోదాన్నే తియ్యి. ఇంట్లో అద్దాలూ చూసుకో, వాటిలో తన బొమ్మని చూసి కూడా తల ఊపుతుంది.

కొత్తది వచ్చిన రోజే ముందు గదిలో పెట్టి, మూడు నెలలు అక్కడే ఉంచు. గిన్నెలు, పట్టకారు, తుడిచే గుడ్డ అన్నీ దానివి దానికే. ముందు పాతదానికి మేత పెట్టి శుభ్రం చేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లు, వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కో. కాక్సిడియా లాంటి పరాన్నజీవులు రెట్టతో వ్యాపిస్తాయి. ఎడినోవైరస్ అని ఇంకోటుంది, దానికి మందు లేదు, పైకి బాగానే కనపడే జీవిలోనూ ఉండొచ్చు. అందుకే తాజా రెట్ట పరీక్ష చేయించు. పశువుల డాక్టర్లందరికీ వీటి వైద్యం అలవాటు ఉండదు. కొనకముందే మద్రాసులోనో తిరుపతిలోనో సరీసృపాల్ని చూసే డాక్టరు ఎవరో కనుక్కుని నంబరు రాసిపెట్టుకో. జబ్బు పడ్డాక వెతుకుదామంటే టైము ఉండదు.

ఇక మన ఎండల సంగతి. ఇంటర్నెట్‌లో చదివినవన్నీ చలిదేశాల వాళ్లు రాసినవి, వాళ్ల దిగులంతా వేడి చాలదనే. మనకి చల్లటి వైపు దొరకడమే కష్టం. ఎండ కాచుకునే రాయి మీద 40 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. రెండో చివర 29 దాటకుండా చూడాలి. రోహిణి కార్తెలో మీ గదిలోనే 37 ఉంటే ఆ రెండో చివర ఎక్కడుంటుంది? కాబట్టి ట్యాంకులు పడమటి గోడకి పెట్టకు, ఏసీ ఉన్న గదిలో కిందగా పెట్టు. మధ్యాహ్నం వేడి బల్బు ఆపేసి యూవీబీ ట్యూబ్ ఒక్కటే ఉంచు. రాయి మీద నోరు తెరుచుకుని ఉంటే భయం లేదు, వేడి సర్దుకుంటోంది. చల్లటి వైపుకి వెళ్లి కూడా నోరు తెరిచి ఉందంటే వెంటనే చల్లబరచాలి. రాయి అంటే గుర్తొచ్చింది. చీమకుర్తి గ్రానైట్ ముక్క పెట్టు, రాళ్ల షాపులో వేస్టు ముక్క అడిగితే ఇస్తారు. పాలిష్ వైపు కిందికీ గరుకు వైపు పైకీ ఉండాలి, లేకపోతే కాలు జారుతుంది. నిదానంగా వేడెక్కినా, కరెంటు పోయాక కాసేపు వెచ్చగా ఉంటుంది.

తుపాన్ల రోజుల్లో గంటల తరబడి కరెంటు ఉండదు కదా, అప్పుడు మేత పెట్టకు. వేడి లేకపోతే కడుపులోది అరగదు. సముద్రపు గాలికి తేమ కూడా ఎక్కువ. నీళ్లు చల్లొద్దు, గాలి ఆడే మూత వాడు. ముక్కులో బుడగలు కనిపించినా, ఊపిరి తీస్తే గుర్రు వినిపించినా డాక్టరు దగ్గరికే.

కిటికీ అద్దంలోంచి పడే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు. పొద్దున పూట డాబా మీదికి తీసుకెళ్లు, అద్దాల ట్యాంకుతో కాదు, గాలాడే వైరు బుట్టలో, నీడ ఉండేట్టు. పక్కనే ఉండు, కాకులూ గద్దలూ చూస్తుంటాయి. ట్యూబ్ వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతుంది. ఏడాదికొకసారి మార్చు, రెండు ట్యాంకులకూ.

పొగాకు చేలల్లో, వరి పొలాల్లో పట్టిన మిడతలు పెట్టకు, పురుగుమందు ఉంటుంది. వానాకాలంలో సాయంత్రాలు కిటికీలకు దోమతెర వెయ్యి. మిణుగురు పురుగు ఒక్కటి మింగినా వీటి ప్రాణం పోతుంది. ఈ మాట మీ అమ్మకీ, పక్కింటి పిల్లలకీ కూడా చెప్పు. ఆకుల్లో మునగాకు, గుమ్మడికాయ తురుము, మందార పువ్వు పెట్టు. పాలకూర రోజూ వద్దు, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

బిల్లు లేకుండా కొనకు. ఆస్ట్రేలియా వీటిని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు, కాబట్టి ఎక్కడ పొదిగిన పిల్లో అడుగు. విదేశీ జీవుల రిజిస్ట్రేషన్‌కి కేంద్రం 2024లో నియమాలు తెచ్చింది, నీది ఆ జాబితాలోకి వస్తుందో రాదో అటవీశాఖ ఆఫీసులో కనుక్కో.

ఖర్చు అన్నీ రెండింతలే. సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకో. ముందు రెండో ట్యాంకు ఒక్కటే కొని, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తగ్గకుండా, ఖాళీగా లైట్లు వేసి వారం నడిపించు. పొద్దున, మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి పడుకునే ముందు రెండు చివర్లా ఎన్ని డిగ్రీలున్నాయో రాసి నాకు వాట్సాప్ చెయ్యి. చూసి చెబుతాను, అప్పుడు వెళ్లి తెచ్చుకుందువు గాని అబ్బయా.

ఇట్లు
మీ మామయ్య