స్టెంట్ వేశాక కూడా నాన్న సిగరెట్ మానడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది గాజువాక. నాన్నకు 57 ఏళ్లు. గత నెలలో గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సిగరెట్ ఊసెత్తలేదు, ఇక ముట్టనని అమ్మకు మాటిచ్చారు. ఇంటికొచ్చిన రెండు వారాలకే మళ్లీ మొదలు. ‘రోజుకు రెండేగా’ అంటారు. అప్పుడప్పుడు ఛాతీలో మంటగా ఉందని గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. ఇంట్లో నాన్నమ్మ కూడా అడ్డపొగ తాగుతుంది. తెలియకుండా టీలో కలిపి ఇచ్చే పొడి వాడొచ్చా?

జవాబు: పొడి సంగతి తర్వాత, ముందు ఆ మంట సంగతి చూడండమ్మా. స్టెంట్ వేసి ఎన్నాళ్లో కాలేదు, పైగా సిగరెట్. అది గ్యాసేనని ఎవరు తేల్చారు? గ్యాసే కావచ్చు, కానీ ఈసీజీ చూడకుండా నేను ఔననీ కాదనీ అనలేను. ఆలస్యం చేయకుండా స్టెంట్ వేసిన డాక్టరుకే చూపించండి. మెట్లెక్కినప్పుడు మంట పెరిగినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, దవడ, ఎడమ చెయ్యి లాగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సోడా తాగి, తెల్లారాక చూద్దాంలే అని పడుకుని, చివరికి మా క్యాజువాలిటీకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ మాత్ర పేరు మీరు రాయలేదు. ఒమెప్రజోల్ అయితే, స్టెంట్ మూసుకుపోకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ పనితీరును తగ్గించవచ్చు. షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కదా అని తేలిగ్గా తీసుకోకండి. అలాగని రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇక సిగరెట్. ఆసుపత్రిలో మానేయడం నిజంగానే కొంత సులువు. భయం ఉంటుంది, అగ్గిపెట్టె ఉండదు, బాగా చిరాకు పెట్టే మొదటి మూడు నాలుగు రోజులు మంచం మీదే గడిచిపోతాయి. ఇంటికొచ్చాక భయం తగ్గుతుంది, టీ బడ్డీ, స్నేహితులు మామూలే. అందుకే డిశ్చార్జి రోజున ‘మానెయ్యండి’ అని ఒక్క ముక్క చెప్పి పంపితే సరిపోదు. వార్డులో మొదలైన కౌన్సెలింగ్ ఇంటికొచ్చాక కూడా కనీసం నెల రోజులు సాగితేనే ఎక్కువమంది మానగలుగుతున్నారు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయించండి, కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. నికోటిన్ గమ్ మాత్రం మీ అంతట మీరు కొనకండి. గుండెపోటు కొత్త కాబట్టి కార్డియాలజిస్టును అడిగాకే.

‘రెండేగా’ అన్న లెక్క గుండె దగ్గర చెల్లదు. రోజుకు ఒక్కటి కాల్చినా, ఇరవై కాల్చేవారికి ఉండే అదనపు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. ఈ మాట ఆయనకే చెప్పండి, తిట్టకుండా. పొద్దున లేచిన అరగంటలోపే వెలిగిస్తున్నారేమో కూడా చూసి డాక్టరుకు చెప్పండి. అలవాటు ఎంత గట్టిదో దాన్నిబట్టి తెలుస్తుంది.

పొడి వద్దు. అందులో ఏముందో తెలియదు, ఆయన ఇప్పటికే గుండె మందులు వాడుతున్నారు. పైగా విషయం తెలిసిన రోజున ఇంట్లో టీ తాగడం కూడా మానేస్తారు.

అన్నట్టు, నాన్నమ్మగారి అంగిలిని దంతవైద్యుడికి ఒకసారి చూపించండి. నిప్పు లోపల పెట్టుకుని తాగే చుట్ట వల్ల అంగిట్లో క్యాన్సర్ రావచ్చు. తెల్లమచ్చలు, మానని పుండు ఉంటే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.

(ఇది సాధారణ సలహా మాత్రమే. రోగిని స్వయంగా పరీక్షించిన డాక్టరు మాటే తుది నిర్ణయం.)