సిలాజిజం నియమాలతో బ్యాంకు పరీక్ష దాటాక పనుంటుందా?

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒకరు ఇక్కడ అడిగారు: "రీజనింగ్‌లో సిలాజిజం నియమాలు బట్టీ పడుతున్నాను. ఉద్యోగం వచ్చాక వీటితో పనేమైనా ఉంటుందా?" ఉంటుంది. సిలాజిజం అంటే ఇచ్చిన రెండు వాక్యాల నుంచి మూడోది తీర్మానించడం. అందులో ఒక్క నియమం ఆ రాత్రి మాలో ఎవరికీ గుర్తు రాక మా ఇంట్లో ఒక పంట పోయింది.

మాది నెల్లూరు జిల్లాలో విడవలూరు దగ్గర పల్లె. వెనామీ రొయ్యలు వేస్తాం. ఆ పంటలో సీడు, అంటే రొయ్యపిల్లలు, వదిలి 65 రోజులైంది. సాయంత్రం మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే నాలుగైదు రొయ్యల తలపెంకు మీద తెల్ల చుక్కలు. నాయన ఒకదాని పెంకు ఊడదీసి సెల్‌ఫోన్ లైటుకి అడ్డం పెట్టి చూపించాడు. ఆవగింజ కంటే చిన్నవి, గుండ్రంగా ఉన్నాయి, గోటితో గీకినా పోలేదు. మేత మాత్రం తగ్గలేదు, ట్రేలో ఒక్క గింజ మిగల్లేదు. రోగమొచ్చిన రొయ్య ముందు మేత మానేస్తుంది. ఆ సంగతి మాకు తెలుసు, అయినా ఆ రాత్రి ఎవరం పట్టించుకోలేదు.

అరగంటలో సరుకు కొనే ఏజెంటు గట్టు మీదకొచ్చాడు. "ఇంకేం ఆలోచిస్తుండావన్నా? వైట్ స్పాట్ తగిలిన రొయ్యకి మచ్చలొస్తాయి. నీ రొయ్యకి మచ్చలుండాయి. ఇంక చెప్పేదేముండాది? తెల్లారేలోపు పట్టేయ్" అన్నాడు. వైట్ స్పాట్ అంటే రొయ్యలకొచ్చే వైరస్ రోగం. అది నిజంగా సోకితే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు. 1994లో టైగర్ రొయ్యల కాలంలో ఈ తీరంలో వచ్చిన తెగులు నాయన కళ్లారా చూసినవాడు. ఏజెంటు మాట వినగానే మొహం పాలిపోయింది. అర్ధరాత్రి వలలు దించాం. కిలోకి 90 తూగే సరుకుని, రోగపు సరుకు అని పేరు పెట్టి, వాళ్లు చెప్పిన రేటుకే ఇచ్చేశాం.

పక్క గుంట మా పెదనాయనది. ఆయనకీ అదే బోరు నీళ్లు, అవే మచ్చలు. ఆయన ఆరు రొయ్యల్ని ఆల్కహాల్ పోసిన సీసాలో వేసి, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ టెస్టుకి పంపాడు. వైట్ స్పాట్ లేదని రిపోర్టొచ్చింది. నీళ్లలో ఆల్కలినిటీ (క్షారగుణం) ఎక్కువై పెంకులో కాల్షియం పేరుకున్నా అలాంటి మచ్చలే పడతాయి, కొన్ని బాక్టీరియాల వల్లా పడతాయి. ఆయన నీళ్లు మార్చుకుంటూ సాగించి 40 కౌంటుకి, అంటే కిలోకి నలభై తూగే పెద్ద సైజుకి వచ్చాక పట్టాడు. మేం ఆ గట్టు మీద నిలబడి ఆ పట్టుబడి చూశాం.

ఇప్పుడు ఏజెంటు మాటని మీ పుస్తకంలో లెక్కలాగా పెట్టి చూడండి. వైట్ స్పాట్ సోకినవన్నీ మచ్చలున్నవి. ఈ రొయ్యలు మచ్చలున్నవి. కాబట్టి ఈ రొయ్యలకి వైట్ స్పాట్ సోకింది. ఇందులో "మచ్చలున్నవి" అన్నది మధ్య పదం. రెండు వాక్యాల్లోనూ ఉంటుంది, తీర్మానంలో ఉండదు, ఆ రెండిటినీ కలపడమే దాని పని. అది కలపాలంటే కనీసం ఒక్క వాక్యమైనా మచ్చలున్నవన్నిటి గురించీ చెప్పాలి. ఇక్కడ మొదటిది రోగమున్నవన్నిటి గురించి చెప్పింది. రెండోది మా గుంటలో రొయ్యల గురించి చెప్పింది. మచ్చలున్నవన్నిటి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. మా రొయ్యలు ఆ గుంపులో ఒక మూల, రోగపువి ఇంకో మూల ఉండొచ్చు. పైగా మొదటి వాక్యమే నిజం కాదు, వెనామీలో మచ్చ పడకుండానే వైట్ స్పాట్‌తో చచ్చేవి ఉంటాయి. అది వేరే తప్పు. వాక్యం అబద్ధం కావడం ఒకటి, వాక్యాలన్నీ నిజమైనా తీర్మానం రాకపోవడం ఇంకొకటి. నేను నెల్లూరులో కోచింగ్‌కి పోయిన ఎనిమిది నెలల్లో ఈ తేడా ఒక్కరోజు కూడా చెప్పలేదు.

ఆ కోచింగ్ మీద నాకు ఇప్పటికీ కోపమే. "అన్ని పెన్నులూ కుర్చీలే, కొన్ని కుర్చీలు మామిడికాయలు" అని బోర్డు మీద రాసి, వృత్తాలు గీయించి, ముప్ఫై సెకన్లలో తేల్చమంటారు. అర్థం మీదకి మనసు పోకుండా వాక్యాల అల్లిక ఒక్కటే చూడాలని అలాంటివి పెడతారు. ఈ నియమాలు మొదట కూర్చిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ పదాల బదులు అక్షరాలు వాడింది అందుకే. ఆ ముక్క చెప్పకపోతే పిల్లలకి ఇదంతా బతుక్కి సంబంధం లేని ఆటలాగే మిగులుతుంది.

మన దేశపు తర్కశాస్త్రం వాళ్లు ఇలాంటి వాదనని కొండ మీద పొగతో చెప్పారు. పొగ ఉంది కాబట్టి నిప్పుంది, వంటింట్లో చూడలేదా అని. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం అనే తన పుస్తకంలో దాన్ని తిరగేసి కూడా చూపించాడు. నిప్పుంది కాబట్టి పొగ ఉంది అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పచ్చి కట్టె తోడైతేనే పొగ. ఏజెంటు చేసిందీ ఆ తిరగేయడమే. రోగముంటే మచ్చ అన్నదాన్ని మచ్చ ఉంటే రోగం అన్నాడు. కమ్మరి కొలిమి దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డ పిల్లవాడికి ఈ పాఠం జన్మలో మరిచిపోవడం ఉండదు.

ఊళ్లో ప్రతి ఇంటా ఇదే తప్పు నడుస్తోంది. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీలో ఉద్యోగమొచ్చినోళ్ల ఫొటోలు చూసి, వాళ్లంతా అక్కడ చదివినోళ్లే, మావాడూ అక్కడే చదువుతుండాడు, ఇంక ఉద్యోగం ఖాయం అంటారు. అక్కడ చదివి రానివాళ్ల ఫొటోలు ఏ ఫ్లెక్సీలో వేశారు? ఆ మాట నమ్మి ఎకరా అమ్మినవాళ్లు నాకు తెలుసు.

మీ పరీక్ష సంగతికొస్తే, రెండు వాక్యాలూ "కాదు" అని ఉంటే తీర్మానం రాదు, రెండూ "కొన్ని" అని ఉన్నా రాదు. ఇవి ఎలాగూ మీకు వచ్చేసి ఉంటాయి. "ఓన్లీ ఎ ఫ్యూ" (కొన్ని మాత్రమే) దగ్గర మాత్రం ఆగండి, అక్కడ కొన్ని అవును, కొన్ని కాదు, రెండూ నిజమే. ఏ లెక్కకైనా ఒక్క వృత్తాల బొమ్మతో సరిపెట్టుకోవద్దు. ఇచ్చిన వాక్యాలకి సరిపడేలా ఇంకో బొమ్మ కూడా గీయండి. రెండో బొమ్మలో తీర్మానం తప్పిందంటే కొట్టేయండి.