పూరీ బీఎన్ఆర్ హోటల్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వూ అల్లుడుగారూ పూరీ వెళ్తున్నారని, ఒక రాత్రి బీఎన్ఆర్ హోటల్లో ఉండాలని నీకు మనసుగా ఉందని మీ అమ్మ చెప్పింది. “అంత పెద్ద హోటలు మనకెందుకన్నయ్యా” అని కూడా అంది. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తప్పకుండా వెళ్ళండి. మన పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ దాకా వేయించిన చిన్న రైలు ఉంది కదా, మీ తాతయ్య దానిమీద గ్యాంగ్‌మన్‌గా చేరేనాటికి దాన్ని నడుపుతున్నది బెంగాల్ నాగపూర్ రైల్వే, అదే బీఎన్ఆర్. పూరీలో 1925లో ఈ హోటల్ తెరిచింది కూడా ఆ కంపెనీయే. మన వైపు నుంచి ఎంతమంది ఆ కంపెనీలో పనికి కుదిరారో ఖరగ్‌పూర్ వెళ్తే తెలుస్తుంది, అక్కడ ఇప్పటికీ వీధులకి వీధులు తెలుగు వినిపిస్తుంది. మీ తాతయ్య మాత్రం ఆ హోటల్ గడప తొక్కలేదు. నాకు పెళ్ళయిన కొత్తలో మీ అత్తా నేనూ గేటు దాకా వెళ్ళి, లోపలి కార్లు చూసి, మాట్లాడకుండా వెనక్కి వచ్చేశాం. రిటైరయ్యాక గానీ నేను లోపలికి వెళ్ళలేదు. ఆ వరండాలో కూర్చుంటే నాన్న చాలా గుర్తొచ్చాడు.

నువ్వు ఆ టెన్షన్ పెట్టుకోకు. ఇప్పుడు దాన్ని ప్రైవేటు వాళ్ళు నడుపుతున్నారు. రూము రేటు ఎక్కువనిపిస్తే మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినా చాలు. ఉండేటట్టయితే మాత్రం పాత భవనంలో, మేడమీద, సముద్రం వైపు గది కావాలని బుక్ చేసేటప్పుడే గట్టిగా అడుగు. రథయాత్ర రోజుల్లోనూ, దసరాకి బెంగాలీలు దిగే రోజుల్లోనూ వద్దు, గది దొరికినా ప్రశాంతత దొరకదు.

దర్శనం, హోటలు ఒకే రోజు పెట్టుకోకండి. ముందురోజు స్వామి దర్శనం చేసుకుని (ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు), గుడి ఆవరణలోనే ప్రసాదం అమ్మే ఆనంద బజార్‌లో మహాప్రసాదం తినండి. ఆ రోజు మాంసం ముట్టనని మీ అత్తగారు నియమం పెట్టుకుంటారు కాబట్టి, ఆవిడ కూడా వస్తే ఇదే పద్ధతి. మర్నాడు హోటల్‌కి మారి రైల్వే మటన్ కర్రీ అడగండి. దొరల నోటికి తగ్గట్టు కారం తగ్గించి వండిన కూర అది, మన నాలుకకి మొదట చప్పగా అనిపిస్తుంది, రెండో ముద్దకి బాగుంటుంది. చివర్లో కారమెల్ కస్టర్డ్ వదలొద్దు.

తిన్నాక ఫొటోల కోసం పరిగెత్తకుండా వరండాలో ఒక గంట కూర్చోండి. ఎత్తయిన పైకప్పు, పొడవాటి వరండా, సముద్రపు గాలి, ఇవన్నీ కరెంటు ఫ్యాన్లు అరుదుగా ఉన్న కాలానికి కట్టుకున్నవి, కూర్చుంటే ఒంటికే తెలుస్తుంది. వడ్డించేవాళ్ళలో వయసు పైబడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే పలకరించు, తాతయ్య సంగతి చెప్పు.

తెల్లవారి లేచి బీచి వెంట తూర్పుకి నడవండి. పెంటకోట వస్తుంది. అక్కడి జాలర్లు మనవాళ్ళే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఒడియావాళ్ళు నోలియాలంటారు. యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించేది వాళ్ళే. పూరీ అలలు మన గోపాల్‌పూర్ అలల్లాగే కాళ్ళకింద ఇసుక లాగేస్తాయి, వాళ్ళ తోడు లేకుండా మోకాలి లోతు దాటకండి, అల్లుడుగారికి ఈత వచ్చినా సరే.

బరంపురంలో హౌరా బండి ఎక్కితే అది పూరీ వెళ్ళదు, ఖుర్దా రోడ్డు స్టేషన్లో దిగి మారాలి. పూరీ స్టేషన్లో ఆటో అతనికి చక్రతీర్థం రోడ్డు, బీఎన్ఆర్ అని చెప్పు. వేరే లాడ్జి చూపిస్తానంటే వినకు. మీ అమ్మకి నేను ఫోన్ చేసి చెప్తాలే.

మీ మావయ్య