బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు విమానంలో ఎన్ని గంటలు?

అమ్మను మొదటిసారి పంపుతున్నాం, దూరమెంత, ఎన్ని గంటలు అని అడిగారు. భూగోళం మీద దగ్గరి దారి దాదాపు 14,000 కిలోమీటర్లు. డైరెక్ట్ విమానమైతే 16, 17 గంటలు, మధ్యలో మారితే 20 దాటుతుంది. పెద్దవాళ్లను పంపేటప్పుడు వీటికన్నా ముందు చూడాల్సింది ప్రయాణం వారంలో ఏ రోజు పడుతుందన్నది.

మా అమ్మది హిందూపురం. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు ఆమెకు బెంగళూరు కన్నా ముందే వస్తుంది. అయినా "కొడుకింట్లో ఒక రాత్రి పండుకోకుండా ఎట్ల పోతాన్రా" అని ఎలక్ట్రానిక్ సిటీ దాకా వచ్చింది. పొద్దున్నే మళ్లీ ఊరంతా దాటి వెనక్కి. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కున్న సమయాన్ని ఏ టికెట్ సైటూ లెక్కలో కలపదు.

ఆ రోజు శనివారం, అమ్మకు ఒక్కపొద్దు. గేటు దగ్గర డబ్బాలోని పెరుగన్నం తినేసింది, ఇక ఆదివారం తెల్లారేదాకా ఏమీ ముట్టదు. అప్పట్లో డైరెక్ట్ సర్వీసు మధ్యాహ్నం రెండు దాటాక లేచేది. పసిఫిక్ మీద కిటికీలో తెల్లారింది. ఆదివారమొచ్చింది కదా అని వాళ్లిచ్చిన ఉప్మా శుభ్రంగా తిన్నది. దిగేసరికి అక్కడ శనివారం సాయంత్రం ఐదు! చలికాలంలో వాళ్లు మనకన్నా పదమూడున్నర గంటలు వెనక, దారిలో తేదీ ఒకరోజు వెనక్కి తిరిగే దినరేఖ దాటాలి మరి. అక్కడుండే మా చెల్లెలి ఫోన్ లాక్కుని, ఇక్కడ ఆదివారం పొద్దున, నన్ను లేపి మరీ తిట్టింది: "శనివారాన్ని ఇంత పొడుగు చేసినావు, ముందే చెప్పకూడదా?" ఆ తర్వాత తనే తీర్పు కూడా ఇచ్చింది: "సూర్యుడు పుట్టింది నా కండ్లతో చూసినా. నా ఒక్కపొద్దు అయిపోయింది, పో."

తిరుగు ప్రయాణంలో దీనికి ఉల్టా. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య మొదటి డైరెక్ట్ విమానం నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్, కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. అక్కడ 9న శనివారం రాత్రి లేచి, ఇక్కడ 11న సోమవారం తెల్లవారుజామున దిగారు. ఆదివారం గాల్లోనే కరిగిపోయింది.

మా అమ్మకూ చెల్లెలు శుక్రవారం రాత్రికి తిరుగు టికెట్ తీసింది. శనివారం ఎగిరిపోతుందని తెలిసి అమ్మ ససేమిరా అంది. బుధవారానికి మార్చాల్సొచ్చింది. దానికి ఏజెంటు గుంజిన డబ్బుతో హిందూపురానికి దర్జాగా ట్యాక్సీలో పోయి రావచ్చు. అందుకే క్యాలెండర్ ముందర పెట్టుకుని, అమ్మనడిగి, ఆ తర్వాతే బుక్ చేయండి. డైరెక్ట్ దొరికితే వంద డాలర్లకు చూడొద్దు.