మూతమీద పదిహేను, అడుగున తొమ్మిది

చి. కిరణ్‌కు ఆశీస్సులు.

టెక్సస్ హిల్ కంట్రీలో జింకల వేటకి మీరంతా గుడారాలు వేస్తున్నారనీ, వంట నీ నెత్తిన పడిందనీ మీ అమ్మ చెప్పింది. డచ్ ఓవెన్, అదే మూతున్న బరువైన పోత ఇనప గిన్నె, కూడా కొన్నావట. ముందు దాన్ని తిరగేసి చూడు. అడుగున మూడు కాళ్లు, మూత చుట్టూ లేచిన అంచు ఉండాలి. మనవాళ్లు దమ్ముకి మూతమీద నిప్పులు పోస్తారు కదా, ఆ అంచు అందుకే. అవి లేకపోతే అది వంటింటి స్టవ్‌కి చేసిన గిన్నె, వెనక్కి ఇచ్చెయ్.

1866లో టెక్సస్ పశువుల ఆసామి చార్లెస్ గుడ్‌నైట్ పాత సైనిక బండిని మార్చి చక్ వ్యాగన్, అంటే వంట బండి, చేశాడు. పశువుల మందల వెంట నడిచిన అలాంటి బండ్ల దగ్గర వండింది ఈ గిన్నెల్లోనే. చెట్టు లేని మైదానంలో కట్టె దొరక్క, ఎండిన పేడ ఏరి బండి కింద వేలాడదీసిన తోల్లో వేసుకునేవారు. మన పిడకలే అనుకో. నీకు బొగ్గు బిళ్లలు దొరుకుతాయి కాబట్టి లెక్క సులువు.

పన్నెండు అంగుళాల గిన్నెకి మొత్తం 24 బిళ్లలు: మూతమీద 15, అడుగున 9. ఇది దాదాపు 350 ఫారన్‌హీట్ వేడి. రెండు బిళ్లలు పెంచితే ఇంకో 25 డిగ్రీలు. బిళ్లలు బూడిదరంగు తిరిగాకే వాడు. అడుగువి కాళ్ల లోపల గుండ్రంగా పేర్చు, నడిమధ్యన కుప్ప పోయకు. మాడేది అక్కడే. పావుగంటకోసారి గిన్నెని పావు చుట్టు కుడికి, మూతని పావు చుట్టు ఎడమకి తిప్పు. గాలి వీస్తే ఆ వైపు బిళ్లలు ముందే కాలిపోతాయి, రేకు అడ్డం పెట్టు. తడినేల వేడిని లాగేస్తుంది, కింద ఇనప పళ్లెం వెయ్యి. ఒక వాయి బిళ్లలు ముప్పావుగంట నుంచి గంట వస్తాయి, పక్కన ఇంకో వాయి రాజుకుంటూ ఉండాలి.

జింక మాంసంలో కొవ్వు తక్కువ. ఉన్న కొవ్వు కూడా మైనంలా నోటికి అంటుకుంటుంది, దాన్నీ తెల్లటి పొరనీ కోసి పారెయ్. పులావుకి మెడ, జబ్బ ముక్కలే తీసుకో, తొడ మెత్తటి కండ ఎండిపోతుంది. ఆ ప్రాంతంలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడు చెడి చిక్కిపోయే రోగం) ఉంటే పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ మాంసం ముట్టుకోకు.

కిలో ముక్కల్ని అల్లం వెల్లుల్లి, ఉల్లి, మసాలాతో వేయించి, మునిగేటన్ని నీళ్లు పోసి, కింద 14, పైన 6 బిళ్లలతో రెండు, రెండున్నర గంటలు ఉడకనివ్వు. సన్నగా కుతకుతలాడితే చాలు, తెర్లిపోతుంటే రెండు బిళ్లలు పక్కకి లాగు. ముక్క మెత్తబడ్డాక నీరు ఇగరనిచ్చి, విడిగా ముప్పాతిక వంతు ఉడికించిన ముప్పావు కిలో బాస్మతి పైన పరుచు. ఇప్పుడు లెక్క తలకిందులు: కింద 6, పైన 12, ఇరవై అయిదు నిమిషాలు. మూత తీసేటప్పుడు బూడిద ఊడ్చి, కొక్కెంతో తిన్నగా పైకెత్తు. ఒక్క పక్కకి వంచావా, అన్నం నిండా బూడిదే.

పులుసు మాత్రం ఇందులో పెట్టకు. చింతపండు, టమాటా గిన్నె ఇనుముకి పట్టిన నూనెపొరని తినేస్తాయి, కూర ఇనుము వాసన కొడుతుంది. కాలుతున్న గిన్నెలో చన్నీళ్లు పోస్తే పగులుతుంది, మళ్లీ అతకదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, నిప్పుమీద ఆరబెట్టి, గుడ్డతో పల్చగా నూనె రాయి. మూతకీ గిన్నెకీ మధ్య మడిచిన కాగితం పెట్టి దాచు. గాలాడకపోతే నూనె కంపు కొడుతుంది.

ఇట్లు,
మీ మామయ్య